ఎలెమ్ క్లీమోవ్: ఐదు కథాచిత్రాలు, ఒక కుటుంబం, పద్దెనిమిదేళ్ళ మౌనం

చిత్రసాక్షి రాశారు:

ఈ వేదికలో సోవియట్ సినిమా ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ ఐజెన్‌స్టైన్‌తో మొదలై తార్కోవ్‌స్కీతో ముగుస్తోంది. ఆ ఇద్దరి గురించి మన సభ్యులు ఇప్పటికే చాలా రాశారు గనుక, ఈసారి ఎలెమ్ క్లీమోవ్ గురించి విడిగా మాట్లాడుకుందామని ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను. ఆయన 1933 జూలై 9న స్టాలిన్‌గ్రాడ్‌లో పుట్టారు. మాస్కోలో విమాన ఇంజనీరింగ్ చదివి 1957లో పట్టా పుచ్చుకొని, కొంతకాలం ఇంజనీరుగా ఉద్యోగం చేసి, ఆ తరువాతనే అక్కడి ప్రభుత్వ సినిమా విద్యాసంస్థలో దర్శకత్వ విద్యార్థిగా చేరారు. 1964 నుంచి 1985 వరకు ఆయన తీసిన పూర్తి నిడివి కథాచిత్రాలు ఐదే: ‘స్వాగతం, లేదా అనుమతి లేనివారికి ప్రవేశం లేదు’, ‘పళ్ళ డాక్టరు సాహసాలు’, జార్ కుటుంబానికి దగ్గరైన సాధువు గ్రిగోరీ రస్పూతిన్ చివరి రోజుల గురించిన ‘ఆగొనియా’, ‘వీడ్కోలు’, ‘వచ్చి చూడు’.

చివరి చిత్రం విడుదలైనప్పుడు ఆయనకు యాభై రెండేళ్ళు. 2003 అక్టోబరు 26న మాస్కోలో మరణించేవరకు మరొక చిత్రం తీయలేదు. యుద్ధచిత్రాల ప్రస్తావన వచ్చిన చోటల్లా ‘వచ్చి చూడు’ పేరు వినిపిస్తుంది. అంతటి చిత్రం తీసిన మనిషి, చేతిలో శక్తి ఉండగానే, పద్దెనిమిదేళ్ళపాటు కెమెరా ముట్టకుండా ఎందుకు ఉండిపోయారన్నది నా ప్రశ్న. ఆయన కుటుంబజీవితాన్ని పక్కన పెట్టి దీనికి జవాబు చెప్పడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

రేవతి_వి రాశారు:

చిత్రసాక్షి గారూ, మంచి అంశం ఎత్తుకున్నారు. జవాబు నాకు 1979 జూలై 2 దగ్గర కనబడుతుంది. ఆ రోజు లెనిన్‌గ్రాడ్ రహదారి మీద జరిగిన కారు ప్రమాదంలో క్లీమోవ్ భార్య, దర్శకురాలు లరీసా షెపీత్కో మరణించారు. ఆమెతోపాటు ఛాయాగ్రాహకుడు వ్లదీమిర్ చుఖ్నోవ్, కళాదర్శకుడు యూరీ ఫొమెంకో సహా చిత్రబృందంలోని మరికొందరు కూడా పోయారు. రచయిత వలెంతీన్ రస్పూతిన్ నవల ‘మత్యోరాకు వీడ్కోలు’ ఆధారంగా ఆమె అప్పుడే చిత్రం మొదలుపెట్టి ఉన్నారు. ఆమెకు నలభై ఒక్క ఏళ్ళు, కొడుకు ఆంతోన్‌కు ఆరేళ్ళు.

క్లీమోవ్, షెపీత్కో విద్యార్థులుగా ఉన్నప్పుడే పరిచయమై, 1963లో పెళ్ళి చేసుకున్నారు. షెపీత్కో పట్టా కోసం కిర్గిజియాలో, చింగీజ్ ఐత్‌మాతోవ్ కథ ఆధారంగా ‘మండుటెండ’ అనే చిత్రం తీశారు. ఫిల్మే కరిగిపోయేంత వేడిలో ఆ చిత్రీకరణ సాగింది. మధ్యలో ఆమెకు కామెర్లు సోకడంతో కొన్ని రోజులు స్ట్రెచర్ మీద పడుకొనే దర్శకత్వం వహించారు. ఆ చిత్రాన్ని ఒక రూపానికి తేవడంలో క్లీమోవ్ తోడ్పడ్డారు.

ప్రమాదం జరిగిన తరువాత ఆయన రెండు పనులు చేశారు. 1980లో ‘లరీసా’ అనే లఘుచిత్రం తీశారు. అందులో ఆమె ఛాయాచిత్రాలు, ఆమె గొంతు, ఆమె చిత్రాల్లోని దృశ్యాలు, ఆమెతో పనిచేసినవారి జ్ఞాపకాలు ఉంటాయి. తరువాత, ఆమె మొదలుపెట్టిన మత్యోరా చిత్రాన్ని ‘వీడ్కోలు’ పేరుతో తానే తీసి పూర్తిచేశారు. భార్య పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, ఆమె చూసిన లొకేషన్లలో, ఆమె చేయి వేసిన స్క్రిప్టుతో, ఆమె ఎంచుకున్న కథనే రోజూ పొద్దున్నే లేచి చిత్రీకరించడం ఎలాంటిదో ఊహించుకుంటే, ఆ తరువాతి మౌనం నాకు ఆశ్చర్యంగా అనిపించదు.

ఇనుపరీలు రాశారు:

రేవతి గారి మాటలో ఆర్ద్రత ఉంది గాని, కాలక్రమం దానికి పూర్తిగా ఒప్పుకోదు. 1979 తరువాతనే ఆయన ‘వీడ్కోలు’, ‘వచ్చి చూడు’ రెండూ తీశారు. అంటే భార్యావియోగం ఆయన చేతులు కట్టేయలేదు. ఆయన చేతులు కట్టేసింది అంతకు ముందునుంచీ మరొకటి ఉంది. దాని పేరు గోస్కినో, అంటే ప్రభుత్వ సినిమా శాఖ.

మొదటి చిత్రంతోనే చూడండి. ‘స్వాగతం’ పిల్లల వేసవి శిబిరం మీద హాస్యచిత్రం. నది దాటి ఈతకొట్టినందుకు ఒక కుర్రవాణ్ణి శిబిరం అధికారి బయటికి పంపేస్తాడు. తాను తిరిగి వస్తే నాయనమ్మ గుండె ఆగి చచ్చిపోతుందని భయపడి, ఆ కుర్రవాడు ఆమె శవయాత్రను ఊహించుకుంటాడు. ఆ ఊహాదృశ్యంలో ఊరేగింపు ముందు పట్టుకున్న నాయనమ్మ పటం అప్పటి సోవియట్ అధినేత క్రుశ్చేవ్‌ను పోలి ఉందని అధికారులు పట్టుకున్నారు. చివరికి క్రుశ్చేవే చూసి, నవ్వుకొని, విడుదల చేయమన్నాడని చెబుతారు. ఆ మధ్యలో దర్శకుడి ప్రాణం ఎంత పీకి ఉంటుందో ఊహించుకోవలసిందే.

రెండో చిత్రం ‘పళ్ళ డాక్టరు సాహసాలు’ నొప్పి తెలియకుండా పన్ను పీకగల ఒక యువ వైద్యుణ్ణి చుట్టుపక్కలవారి ఈర్ష్య ఎలా నలిపేస్తుందో చూపుతుంది. దానిని బహిరంగంగా నిషేధించలేదు. కొద్ది ప్రింట్లు మాత్రమే వేసి, ఎవరి కంటా పడకుండా చేశారు. నిషేధిస్తే కనీసం పేరైనా వస్తుంది, ఇది అంతకంటే తెలివైన పద్ధతి. ఇక ‘ఆగొనియా’ సంగతి మరీ దారుణం. విప్లవ స్వర్ణోత్సవాల కోసమని 1966 ప్రాంతంలో మొదలైన ఆలోచన ఆగుతూ, సాగుతూ 1975లో చిత్రంగా పూర్తయింది. విదేశాలకు అమ్ముకున్నారు, 1982లో వెనిస్‌లో విమర్శకుల బహుమతి కూడా వచ్చింది, సోవియట్ ప్రేక్షకుడికి మాత్రం 1985లో గాని చూపలేదు. చివరి జార్ నికొలాయ్‌ని రాక్షసుడిలా కాకుండా బలహీనుడైన, జాలిపడదగిన మనిషిగా చూపడం అధికారులకు మింగుడుపడలేదు. ఒక చిత్రానికి పదేళ్ళు, దాన్ని తెర మీద చూసుకోవడానికి మరో పదేళ్ళు పడితే, ఏ దర్శకుడి లెక్క అయినా ఐదు చిత్రాలకే తేలుతుంది.

గడ్డిపోచ రాశారు:

ఒక విన్నపం. షెపీత్కో గారిని ‘క్లీమోవ్ భార్య’గా మాత్రమే ఈ చర్చలో నిలబెట్టవద్దు. ఆమె పుట్టింది ఇప్పటి యుక్రెయిన్‌లోని బఖ్‌ముత్‌లో. తండ్రి ఇరాన్ దేశస్థుడు, కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోయాడు. ఉపాధ్యాయిని అయిన తల్లి ఒంటరిగా పిల్లల్ని పెంచింది. పదహారేళ్ళకే మాస్కో వెళ్ళి, గొప్ప దర్శకుడు దవ్‌జెంకో దగ్గర విద్యార్థినిగా చేరారు. ఆయన 1956లో మరణించేవరకు ఆయన శిష్యురాలు. 1966లో తీసిన ‘రెక్కలు’లో, యుద్ధంలో విమానం నడిపి, శాంతికాలంలో ఒక వృత్తివిద్యా పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉండి, ఎక్కడా ఇమడలేకపోతున్న నడివయసు స్త్రీని చూపారు. క్లీమోవ్ తొలి చిత్రాల వ్యంగ్యం నాకు ఇష్టమే గాని, ఆ వయసులో ఆమెకు ఉన్న లోతు ఆయనకు ఇంకా రాలేదు.

ఆంతోన్ కడుపులో ఉండగా ఆమె పడిపోయి వెన్నుకు దెబ్బ తగిలించుకొని నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. బిడ్డ 1973లో పుట్టాడు. చావుకు అంత దగ్గరగా వెళ్ళివచ్చిన ఆ రోజుల్లోనే వసీల్ బీకవ్ రాసిన ‘సోత్నికోవ్’ ఆమెను పట్టుకుంది. దాని నుంచి వచ్చినదే ‘ఆరోహణ’. జర్మన్ ఆక్రమణలోని బెలారూస్‌లో ఇద్దరు గెరిల్లా యోధులు పట్టుబడతారు. ఒకడు లొంగక ఉరికంబం ఎక్కుతాడు, మరొకడు ప్రాణం కోసం శత్రువుకు ఊడిగం చేస్తాడు. మూరొమ్ పట్టణం దగ్గర నెత్తురు గడ్డకట్టే చలిలో తీశారు.

ఈ చిత్రం విడుదల వెనుక క్లీమోవ్ పాత్ర చెప్పుకోదగినది. క్రీస్తు కథలా ఉందన్న ఆక్షేపణతో చిత్రం ఆగిపోతుందేమోనన్న స్థితిలో, బెలారూస్ పార్టీ అధినేత ప్యోత్ర్ మషేరవ్‌కు ముందుగా చూపే ఏర్పాటు ఆయన చేశారు. మషేరవ్ స్వయంగా ఒకప్పటి గెరిల్లా యోధుడు, ఆయన తల్లిని జర్మన్లు చంపేశారు. చిత్రం చూస్తూ ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ తరువాత అడ్డు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 1977లో బెర్లిన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి స్వర్ణ భల్లూకం దానికే వచ్చింది. ఆ ఏడాదికి భార్య పేరు ఐరోపా అంతటా మోగుతోంది, భర్త చిత్రం డబ్బాల్లో మగ్గుతోంది. అయినా ఆమె చిత్రం బయటికి రావడానికి ఆయనే పరుగెత్తారు. మన పరిశ్రమలో ఈ సంగతి ఎంతమంది భర్తలకు చెప్పవచ్చో మీరే ఆలోచించండి.

కృష్ణాతీరం రాశారు:

నేను ‘వీడ్కోలు’ గురించి మాత్రమే మాట్లాడతాను, ఎందుకంటే ఈ చర్చలో దానిని దుఃఖకథలో ఒక మెట్టుగా చూసి దాటిపోతున్నారు. మత్యోరా అంటే సైబీరియాలో అంగారా నది మధ్యనున్న ఒక లంక. జలవిద్యుత్ ఆనకట్ట కోసం అది మునిగిపోబోతోంది. మనుషుల్ని కొత్త కాలనీకి తరలిస్తారు, సమాధుల శిలువలు పీకేస్తారు, ఇళ్ళు తగలబెడతారు. రచయిత రస్పూతిన్ పెరిగిన అతలాంక గ్రామమే బ్రాత్స్క్ జలాశయం వల్ల చోటు మారింది కనుక, అది కల్పన మాత్రమే కాదు.

చిత్రంలో దార్యా అనే ముసలావిడ మర్నాడు కాల్చబోయే తన ఇంటిని ముందురోజు కడుగుతుంది. గోడలకు సున్నం వేస్తుంది. నేల రుద్దుతుంది. కాలిపోయే ఇంటికి సున్నం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. చనిపోయినవారికి స్నానం చేయించి కొత్తబట్ట కట్టకుండా పంపుతామా? ఆ పాత్ర వేసిన స్తెఫానియా స్తన్యూతా బెలారూస్ రంగస్థల నటి. ఆమె చేతుల కదలిక చూడడానికైనా ఈ చిత్రం చూడాలి. ఇంకొక దృశ్యంలో లంక మీది మహావృక్షాన్ని గొడ్డలితో నరకలేక, యంత్రంతో పెకలించలేక, నిప్పు పెట్టి కూడా కూల్చలేకపోతారు.

చిత్రం పూర్తయినది 1981లో. సరిగ్గా అదే సంవత్సరం ఇక్కడ శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్ళు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు. గుడిని తరలించగలిగారు, ఊరిని తరలించడం అంత సులభం కాలేదు. మా తల్లి తరఫువారి ఊరు ఆ నీళ్ళ కింద ఉంది గనుక, ఈ చిత్రాన్ని నేను షెపీత్కో స్మారకంగా కంటే, ముంపు గ్రామాల చిత్రంగానే చూస్తాను. అది దర్శకుడికి అగౌరవమని అనుకోను.

రేవతి_వి రాశారు:

కృష్ణాతీరం గారూ, అగౌరవం ఏమీ లేదు. ఒక సంగతి మాత్రం కలుపుతాను. ఆ స్క్రిప్టులో షెపీత్కోతోపాటు క్లీమోవ్ తమ్ముడు గెర్మాన్ పేరు కూడా ఉంది. అన్న, వదిన, మరిది కలిసి పనిచేసిన ఇల్లు అది. ‘వచ్చి చూడు’ అనే పేరు బైబిలు ప్రకటన గ్రంథం నుంచి సూచించినది కూడా తమ్ముడేనని క్లీమోవ్ చెప్పారు. కనుక కుటుంబజీవితం, వృత్తిజీవితం అని రెండు గదులుగా విడదీయడం ఈయన విషయంలో కుదరదు.

శబ్దగ్రాహి రాశారు:

నేను శబ్దవిభాగంలో పనిచేసేవాణ్ణి కనుక ‘వచ్చి చూడు’ను ఆ చెవితోనే విన్నాను. కథ 1943 నాటి బెలారూస్‌లో ఫ్ల్యోరా అనే కుర్రవాడిది. అడవిలో బాంబులు పడిన తరువాత అతని చెవులు దిబ్బడవేస్తాయి. అక్కడి నుంచి చాలాసేపు మనకు కూడా ఒక సన్నని హోరే వినబడుతుంది, మాటలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు ఉంటాయి. ఆ స్థితిలో అతను గ్లాషా అనే అమ్మాయితో తన ఇంటికి వస్తాడు. ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యిలో సూపు ఇంకా వెచ్చగా ఉంది, ఇద్దరూ కూర్చొని తాగుతారు. నేల మీద బొమ్మలు వరుసగా పడి ఉన్నాయి. ఈగల మోత. వాళ్ళు ఎక్కడో దాక్కొని ఉంటారని నమ్మి అతను పరుగెత్తుతాడు, వెనుక పరుగెత్తుతున్న అమ్మాయి ఒక్కసారి తల తిప్పి చూస్తుంది: ఇంటి గోడ వెనుక ఊరివాళ్ళ శవాల గుట్ట. కెమెరా అక్కడ ఒక్క క్షణం కూడా నిలవదు. మరొక దర్శకుడైతే అక్కడ ఎంతసేపు నిలిపి, ఎన్ని వయొలిన్లు మోగించేవాడో మనకు తెలుసు.

ఈ కథ కూడా ఆయన ఇంటి నుంచే వచ్చింది. 1942లో స్టాలిన్‌గ్రాడ్ తగలబడుతున్నప్పుడు తొమ్మిదేళ్ళ ఎలెమ్‌నూ చంటిబిడ్డ గెర్మాన్‌నూ తల్లి వోల్గా దాటించింది. చమురు ఒలికి నది కూడా మండుతోంది. ఆ జ్ఞాపకం గురించి ఆయన తరువాత చాలాసార్లు చెప్పారు, ఉన్నదున్నట్టు తీస్తే తానే చూడలేనన్నారు. స్క్రిప్టు భాగస్వామి అలేస్ అదమోవిచ్ కుర్రతనంలోనే గెరిల్లా దళంలో ఉన్నవాడు. కాల్చిన గ్రామాల్లో బతికి బయటపడినవారి మాటలను మరో ఇద్దరు రచయితలతో కలిసి పుస్తకంగా కూర్చినవాడు. బెలారూస్‌లో మనుషులతో సహా తగలబెట్టిన గ్రామాలు 628 అని చిత్రం చివర అక్షరాల్లో చూపుతారు.

ఇనుపరీలు గారి వాదానికి ఇక్కడ బలం ఉంది. ‘హిట్లర్‌ను చంపు’ అనే పేరుతో 1977లోనే తీయవలసిన చిత్రం ఇది. గోస్కినో అభ్యంతరాలతో ఆగి, మళ్ళీ 1984లో గాని మొదలు కాలేదు. తొమ్మిది నెలలు, కథ నడిచే వరుసలోనే తీశారు. కొన్ని చోట్ల నిజమైన తూటాలు కాల్చారు. అది సమర్థించదగిన పని కాదని, ముఖ్యంగా పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పెట్టుకొని చేయదగినది కాదని నా ఖచ్చితమైన అభిప్రాయం. సోవియట్ యూనియన్‌లో సుమారు 2 కోట్ల 90 లక్షల మంది చూశారు, 1985 మాస్కో చిత్రోత్సవంలో ప్రథమ బహుమతి వచ్చింది.

ఇనుపరీలు రాశారు:

శబ్దగ్రాహి గారికి ధన్యవాదాలు. ఇప్పుడు 1986కు వద్దాం, నా వాదంలో అసలు మలుపు అక్కడే ఉంది. ఆ ఏడాది మే నెలలో సోవియట్ చలనచిత్రకారుల సంఘం ఐదో మహాసభ పాత నాయకత్వాన్ని దించేసి క్లీమోవ్‌ను మొదటి కార్యదర్శిగా ఎన్నుకుంది. వెంటనే, ఆపివేసిన చిత్రాలను తిరిగి పరిశీలించే సంఘాన్ని విమర్శకుడు అంద్రేయ్ ప్లాఖోవ్ అధ్యక్షతన వేశారు. బీరువాల్లో పడి ఉన్న రీళ్ళు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. కీరా మురాతోవా చిత్రాలు వచ్చాయి. 1967లో తీసిన అస్కోల్దోవ్ ‘కమిసార్’ను 1987లో చూపారు. ఇరవై ఏళ్ళుగా దాచిపెట్టిన షెపీత్కో లఘుచిత్రం ‘విద్యుత్తు మాతృభూమి’ కూడా 1987లోనే వెలుగు చూసింది.

ఆ మహాసభలో జరిగినవన్నీ గొప్ప పనులని అనను. బొందర్చుక్ వంటి పెద్ద దర్శకుణ్ణి ప్రతినిధిగా కూడా ఎన్నుకోలేదు, అందులో పాత కక్షల వాసన ఉంది. ఏమైనా, సొంత చిత్రాలు ఏళ్ళ తరబడి ఆగిపోయిన మనిషి, ఇతరుల చిత్రాలు విడిపించే కుర్చీలో కూర్చొని, తన చిత్రం తీసే తీరిక పోగొట్టుకున్నారు. రెండేళ్ళకు ఆ బాధ్యతల నుంచి తప్పుకొన్నారు. బుల్గాకోవ్ నవల ‘మాస్టర్ అండ్ మార్గరీట’ను చిత్రంగా తీయాలని చాలాకాలం ప్రయత్నించారు గాని, అప్పటికి దేశమే కూలిపోతోంది, డబ్బు పెట్టేవాడు లేడు.

రేవతి_వి రాశారు:

మీ కాలక్రమాన్ని అంగీకరిస్తాను. దాని పక్కన ఒక వరుస పెట్టి చూడండి. 1963లో జబ్బుపడిన షెపీత్కో చిత్రానికి తోడ్పడ్డారు. 1971లో దర్శకుడు మిఖాయిల్ రోమ్ మరణించినప్పుడు, ఆయన అసంపూర్ణంగా విడిచిన డాక్యుమెంటరీని ఖుత్సియేవ్, లవ్రోవ్‌లతో కలిసి ‘అయినా నేను నమ్ముతున్నాను’ పేరుతో పూర్తిచేశారు. 1979 తరువాత మత్యోరాను పూర్తిచేశారు. 1986 నుంచి ఇతరుల చిత్రాలు విడుదల చేయించారు. అదమోవిచ్ సేకరించిన గొంతులకు ‘వచ్చి చూడు’లో తెర ఇచ్చారు. ఈ మనిషి పనిలో సగం ఇతరులు పూర్తిచేయలేకపోయిన పని. తనకంటూ మిగిలిన కోరిక బుల్గాకోవ్ నవల ఒక్కటే, అది తీరలేదు. తీయగలిగినదంతా తీసేశానని, ఇక సినిమా మీద ఆసక్తి పోయిందని ఆయన చివరి సంవత్సరాల్లో చెప్పారు. దానిని ఓటమిగా చదవనవసరం లేదు.

గడ్డిపోచ రాశారు:

రేవతి గారూ, ఆ వరుస బాగుంది, అయినా చివరి మాటను నేను నమ్మలేకపోతున్నాను. ఆసక్తి నిజంగా పోయినవాడు బుల్గాకోవ్ నవల వెంట అన్ని సంవత్సరాలు తిరగడు. తీయలేకపోయినప్పుడు మనిషి తీయదలచుకోలేదని చెప్పుకుంటాడు.

చిత్రసాక్షి రాశారు:

గడ్డిపోచ గారి అనుమానం వైపే నేనూ మొగ్గుతున్నాను. గోస్కినో ఉన్నంతకాలం ఆయనకు అడ్డూ అదే, డబ్బూ అదే. అది బలహీనపడిన తరువాత అడ్డు తొలగింది, దానితోపాటు డబ్బూ పోయింది. అంతటి వ్యయంతో కూడిన చిత్రాన్ని తొంభైల నాటి మాస్కోలో ఆయన ఎవరిని అడగగలరు? ఇల్లు ఉన్నంతకాలం చిత్రం ఆగినా స్క్రిప్టు మీద కూర్చొని వాదించడానికి మరో దర్శకురాలు పక్కనే ఉండేవారు. 1979 తరువాత ఆ వాదించే మనిషి లేరు. ఈ రెండు నష్టాల్లో ఏది పెద్దదో తేల్చడం నాకు చేతకావడం లేదు గాని, రెండూ కలిశాకనే మౌనం పూర్తయిందని చెప్పగలను.

కొత్తసభ్యుడు_47 రాశారు:

ఈ చిత్రాలేవీ చూడనివాణ్ణి. ఎక్కడ దొరుకుతాయి, దేనితో మొదలుపెట్టాలి?

శబ్దగ్రాహి రాశారు:

మోస్‌ఫిల్మ్ సంస్థ యూట్యూబ్ ఛానల్‌లో ‘వచ్చి చూడు’, ‘ఆరోహణ’ ఇంగ్లీషు ఉపశీర్షికలతో ఉచితంగా ఉన్నాయి. ‘వచ్చి చూడు’కు కొత్తగా శుభ్రపరిచిన ప్రతి ఉంది, 2017 వెనిస్ ఉత్సవంలో పునరుద్ధరించిన చిత్రాల విభాగంలో బహుమతి పొందింది. దొరికితే ఆ ప్రతే చూడండి. మొదట ‘స్వాగతం’ చూడండి, గంటకు కాస్త పైన ఉంటుంది, ఇంట్లో పిల్లలతో కలిసి నవ్వుకోవచ్చు. తరువాత ‘రెక్కలు’, ‘ఆరోహణ’ చూసి, ‘వీడ్కోలు’కు రండి. ‘ఆగొనియా’కు రష్యా చరిత్ర కొంత తెలిసి ఉంటే మంచిది. ‘వచ్చి చూడు’ చివరకు ఉంచండి, పిల్లలు లేనప్పుడు, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చూడండి. ఫోన్ స్పీకరులో చూస్తే ఆ హోరు వినబడదు, చిత్రంలో సగం పోయినట్టే.